నాలో లేని చప్పుడు

నేను ఒక ఇంజన్ని. తణుకు దాటాక కాలవ వారగా ఉన్న ఒక రేకుల షెడ్డులో, రెండు తాటి దూలం ముక్కల మీద, రెండేళ్ళుగా పడి ఉన్నాను. నా చుట్టూ ఇప్పుడు కారు లేదు. నా ఒంటికి కుడిపక్క రెండు చిన్న బెజ్జాలు కనిపిస్తాయి. నా నెంబరు రేకు ఒకప్పుడు అక్కడ ఉండేది. ఇప్పుడది ఇంకొక ఇంజను ఒంటి మీద ఉంది. నా పేరుతో అది పనిచేస్తోంది. నేను ఏ పేరూ లేకుండా ఇక్కడ చల్లారి ఉన్నాను.

నా పని గురించి ముందు చెప్పాలి. నాలో నాలుగు గదులు ఉన్నాయి. ప్రతి గదిలోనూ కాస్త పెట్రోలు, కాస్త గాలి, ఒక నిప్పురవ్వ. పేలుతుంది. ఆ పేలుడును గోడలు బయటికి పోనివ్వవు. పోవడానికి దారిలేక అది కిందికి తోస్తుంది, ఆ తోపుకు ఇరుసు తిరుగుతుంది, కారు కదులుతుంది. రోడ్డు పక్కన నిలబడ్డవాళ్ళు దాన్ని ప్రయాణం అంటారు. నాకు మాత్రం అది నిమిషానికి కొన్ని వేల సార్లు అణచుకున్న పేలుడు. మనిషి కూడా ఇలాగే నడుస్తాడని నాకు తెలియడానికి చాలాకాలం పట్టింది. ఒకే మనిషి పాదం కింద నలభై ఏళ్ళు ఉండవలసి వచ్చింది.

నేను తూర్పున ఎక్కడో ఒక పెద్ద కార్ఖానాలో పోతపోయబడ్డాను. మట్టి అచ్చులో ఎర్రటి ఇనుము పోసి, చల్లారాక పగలగొట్టి తీశారు. ప్రతి ఇంజనుకూ ఒక చిన్న ఇత్తడి రేకు మీద నెంబరు కొట్టి, రెండు రివెట్లతో బిగించేవారు. నా నెంబరు కొట్టినవాడు ఆ సమయంలో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. 38714లో ఏడు అంకె పక్కకు ఒరిగింది. వాడు ఒకసారి చూసి, నవ్వి, అలాగే వదిలేశాడు. వేల ఇంజన్లలో నన్ను నన్నుగా గుర్తుపట్టడానికి ఆ వంకర ఏడు తప్ప మరేమీ లేదు. ఒకరి అజాగ్రత్త ఇంకొకరికి ముఖం అవుతుంది.

1968లో నేనున్న కారును డాక్టర్ ఓరుగంటి పట్టాభి కొన్నాడు. అప్పుడతనికి ముప్పయ్యేళ్ళు. తణుకులో సొంత ఆసుపత్రి, ఆరు మంచాలు. చుట్టూ ఇరవై ఊళ్ళకు అతనే దిక్కు. వేళ్ళు పొడుగ్గా, మాట మెల్లగా ఉండేవి. జనం అతన్ని దేవుడన్నారు. అతను వద్దనలేదు, అవుననలేదు. ఎవరైనా మనల్ని దేవుడంటే వద్దనకపోవడం ఎంత ఖరీదైన మౌనమో అతనికి అప్పటికి తెలియదు.

నేను అతని ముఖం చూసింది తక్కువ. అతన్ని నాకు తెలిపింది అతని కుడిపాదం. యాక్సిలరేటరు మీద ఆ పాదం ఎలా వాలుతుందో బట్టి అతను కోపంగా ఉన్నాడో, నిద్రలేక ఉన్నాడో, రోగి బతికాడో పోయాడో చెప్పగలిగేదాన్ని. ముఖం నేర్చుకున్న అబద్ధాలు పాదం నేర్చుకోదు.

1976 జనవరిలో, ధనుర్మాసపు మంచులో, తెల్లవారుతుండగా ఒక కబురు వచ్చింది. ఐదు మైళ్ళ అవతల ఒక ఊళ్ళో కాన్పు కష్టమైంది. డాక్టరు ఒక్కడే బయల్దేరాడు. కాలవ గట్టు మీద దారి. ముందు అద్దానికి ఆవిరి పట్టి ఏమీ కనిపించడం లేదు. పక్క అద్దం దించి, తల బయటపెట్టి నడుపుతున్నాడు. వేగం ఆ మంచుకు తగినది కాదు.

మొదట ఒక దెబ్బ వినిపించింది. వెంటనే ఇంకొకటి, దానికంటే మెత్తనిది. ఆ తరువాత ఇత్తడి మోత. ఒక సైకిలు, దాని వెనక కట్టిన బిందెలు. ఒక బిందె తారు మీద దొర్లుతూ, ఆగి ఆగి మోగుతూ, గట్టు దిగి, కాలవలో పడింది. నీళ్ళు దాన్ని మింగిన చప్పుడు కూడా వినిపించింది. అద్దం దించి ఉంది గనుక అతనూ విన్నాడు.

అతని పాదం లేచింది.

ఆ క్షణం గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. పాదం యాక్సిలరేటరు మీద లేదు, బ్రేకు మీదా లేదు. గాలిలో ఉంది. నేను ఊపిరి బిగబట్టినట్టు నెమ్మదించాను. ఇంకొంచెం ఆగితే నేనే ఆగిపోయేదాన్ని. అప్పుడతను దిగక తప్పేది కాదు. కానీ పాదం మళ్ళీ కిందికి వచ్చింది, ఎప్పుడూ లేనంత బరువుతో. నేను పరుగెత్తాను. నొక్కితే పరుగెత్తడానికే నన్ను చేశారు. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను.

ఆ ఊళ్ళో తల్లీ బిడ్డా బతికారు. ఆగి ఉంటే రెండు ప్రాణాలు పోయేవని అతను తరువాత తనకు తాను చెప్పుకున్నాడు. అది అబద్ధం కాకపోవచ్చు. కానీ పాదం కిందికి వచ్చినప్పుడు ఆ ఆలోచన అక్కడ లేదు. అది మైలు దాటాక వచ్చింది. అప్పుడు పాదం కాస్త తేలికపడింది, అందుకే నాకు తెలుసు. కారణాలు ఎప్పుడూ వెనక నడుచుకుంటూ వస్తాయి. భయం ఒక్కటే నాతో సమానంగా పరుగెత్తగలదు.

తిరిగి వచ్చేటప్పుడు అతను గట్టుదారి వదిలేసి, చుట్టూ తిరిగి వచ్చాడు. నన్ను ఆసుపత్రి వసారా ముందు ఆపాడు. నేను ఇంకా చల్లారలేదు, ఒక ఎడ్లబండి లోపలికి వచ్చింది. బండి మీద గడ్డి, గడ్డి మీద ఒక మనిషి. తోలుకొచ్చినవాడి పేరు సూరన్న. దారిన పోతూ చూశాడట. బండిలో ఒంగిపోయిన సైకిలుంది. రెండు బిందెలున్నాయి. వాళ్ళు ఆ మనిషిని నా పక్కనుంచే మోసుకెళ్ళారు. నా వేడి అతనికి తగిలే ఉంటుంది.

పావుగంట తరువాత డాక్టరు గొంతు వినిపించింది.

"గంట ముందు తెచ్చి ఉంటే..."

ఆ వాక్యం అతను పూర్తిచేయలేదు. రోజూ ఎవరికో ఒకరికి చెప్పే మాట. అలవాటుగా నోటికి వచ్చింది. ఆ గంట ఎక్కడ పోయిందో ఆ గదిలో ఒక్కడికే తెలుసు.

చనిపోయినవాడు వీరాచారి. కంచరి. ఇత్తడి బిందెలకు మాట్లు వేసి, కొత్తవి చేసి, సైకిలు మీద ఊరూరా తిప్పి అమ్ముకునేవాడు. ఏదో ఇటుకల లారీ గుద్దిపోయిందని అందరూ అన్నారు. గట్టు మీద ఇటుకల లారీలు తిరుగుతాయి మరి. అతని కొడుకు నాగలింగాచారికి ఇరవై ఒక్కటో ఏడు. డాక్టరు వసారాలోకి రాగానే ఆ కుర్రవాడు కాళ్ళ మీద పడ్డాడు.

"మీరు చెయ్యాల్సిందంతా చేశారండి. ఆ లారీవోడు ఆగి ఉంటే మా నాన్న బతికేవోడండి. మనిషి కాదండి ఆడు."

డాక్టరు అతన్ని లేవనెత్తలేదు. లోపలికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. నీళ్ళు చాలాసేపు పడ్డాయి.

నా ముందున్న సొట్ట గేదె తగిలిన సొట్ట అయింది. రాజమండ్రిలో దాన్ని సాపు చేయించారు.

రెండేళ్ళకు నాగలింగాచారి ఈ షెడ్డు వేసుకున్నాడు. బిందెలకు గిరాకీ పడిపోయి అందరూ స్టీలు కొంటున్నారు. అతను మోటారు పని నేర్చుకున్నాడు. షెడ్డు తెరిచిన రోజే ఆసుపత్రికి వచ్చాడు.

"డాట్రుగారండీ, ఇక నుంచి మీ బండి నేనే చూస్తానండి. ఇంకోడి చెయ్యి పడనివ్వకండి. మా నాన్న ఆఖరి నాడి పట్టుకున్న చెయ్యి మీది. నా రుణం అలా అన్నా కాస్త తీరుద్దండి."

డాక్టరు ఏదో అనబోయాడు. "సరేలే" అన్నాడు.

లింగాచారి చేతులు నా మీద పడిన ఆ మొదటి వారంలోనే డాక్టరుకు నాలో చప్పుడు వినిపించడం మొదలైంది.

లింగాచారికి పని నేర్పింది మోటారు మేస్త్రీలే అయినా, వినడం నేర్పింది తండ్రి. కంచరి బిందెను కొనేటప్పుడు చూడడు, వింటాడు. వేలి కణుపుతో మెల్లగా కొడతాడు. మంచి బిందె గుడిగంటలా సాగుతుంది. పగులున్నది, కంటికి ఎంత మెరిసినా, మోత మధ్యలో తెగి చచ్చిపోతుంది. లింగాచారి కొత్త ఇంజను ఏది వచ్చినా ముందు వేలి కణుపుతో కొట్టి చూసేవాడు. తరువాత దాన్ని నడిపించి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకునేవాడు. ఈ జిల్లాలో అంతటి చెవి ఇంకొకటి లేదని చెప్పుకునేవారు.

"టక్కుమంటోందయ్యా," అన్నాడు డాక్టరు మొదటిసారి. "ఆగి ఆగి. ఏదో దొర్లినట్టు."

లింగాచారి విన్నాడు. నాలుగు చోట్ల పెట్టి విన్నాడు.

"ఏం లేదండి. గుండ్రాయిలా ఉందండి."

నెల తరువాత డాక్టరు మళ్ళీ వచ్చాడు. ఆరు నెలలకు, ఏడాదికి మళ్ళీ. టాపెట్లు సర్దారు. టైమింగు గొలుసు మార్చారు. బేరింగులు, పిస్టన్లు మార్చారు. నన్ను పూర్తిగా విప్పి, కిరసనాయిల్లో కడిగి, మళ్ళీ బిగించారు. ముప్పయ్యేళ్ళలో నా ఎముకలు దాదాపు అన్నీ మారిపోయాయి. మిగిలింది నా పోత ఇనుప దిమ్మె, ఆ వంకర ఏడు.

ఒకరోజు డాక్టరు జేబులోంచి స్టెతస్కోపు తీసి నా మీద పెట్టాడు. ఒక పక్క అతను, ఇంకో పక్క స్క్రూడ్రైవరుతో లింగాచారి. ఇద్దరూ కళ్ళు మూసుకుని ఒంగి ఉన్నారు. రోడ్డు మీద పోయే ఒకాయన సైకిలు ఆపి మరీ చూశాడు.

"ఏం లింగాచారీ, మందులు రాస్తున్నారా ఏంటి దానికి?"

"పద పద. నీకు రాయాలి ముందు," అన్నాడు లింగాచారి కళ్ళు తెరవకుండానే.

డాక్టరు నవ్వలేదు. "అదిగో. విన్నావా?"

"లేదండి."

"సరిగ్గా విను."

"డాట్రుగారండీ, ఉన్న చప్పుడు లేదని చెప్పనండి, లేంది ఉందని చెప్పనండి. ఇందులో ఏ చప్పుడూ లేదండి."

ఆ క్షణంలో డాక్టరు ముఖం నాకు దగ్గరగా కనిపించింది. నిరాశపడిన ముఖం అది. రోగం ఉందని తేలాలని కోరుకునే రోగిని నేను అప్పుడే చూశాను. చాలాకాలానికి నాకు అర్థమైంది, అతను బాగుచేయించుకోవడానికి రావడం లేదు. చెప్పడానికి వస్తున్నాడు. నోటితో చెప్పలేనిది నా నెపం మీద చెబుతున్నాడు. నీ బతుకులో ఒక చప్పుడు ఉంది, విను, నువ్వే కనిపెట్టు, నన్ను చెప్పమనకు అని అతను ఆ కుర్రవాణ్ణి వేడుకుంటున్నాడు. జిల్లాలోకెల్లా మంచి చెవి ఉన్నవాడు ప్రతిసారీ ఏమీ లేదని చెప్పి పంపేస్తున్నాడు.

డాక్టరు కాకినాడ వెళ్ళి తన చెవులు కూడా చూపించుకున్నాడు. చెవులు బాగున్నాయన్నారు. ఒకసారి అతని భార్య సుభద్రమ్మ కారులో కూర్చుని అంది: "నాకేం వినపడటం లేదు. అయినా రోగుల మాట ఇంత శ్రద్ధగా ఎప్పుడైనా విన్నారా మీరు?"

 అతని పాదం యాక్సిలరేటరును ఒక్కసారిగా నొక్కింది.

లింగాచారికి తండ్రి చావులో ఒక్కటే ముల్లు మిగిలిపోయింది. బయల్దేరేటప్పుడు సైకిలుకు మూడు బిందెలు కట్టుకున్నాడు. బండిలో వచ్చినవి రెండు. మూడోది సూరన్న తీశాడని అతని నమ్మకం. ఆ కాలంలో ఇత్తడి బిందెంటే ఆశపడదగిన వస్తువే. "చచ్చిపోతున్న మనిషి దగ్గర చేతివాటం చూపించాడు" అని ఊరంతా చెప్పాడు. సూరన్న మొదట ఒట్లు పెట్టాడు. తరువాత తిట్టాడు. ఆ తరువాత ఊరుకున్నాడు. అతని బండి ఎవరూ కిరాయికి పిలవడం మానేశారు. దొంగ సూరన్న అనే పేరుతోనే పోయాడు. శవం లేచినరోజు పాడె ఈ షెడ్డు ముందు నుంచే వెళ్ళింది. లింగాచారి నా కింద పడుకుని పని చేసుకుంటూ ఉన్నాడు, బయటికి రాలేదు. కంచరికి బిందె సొమ్ము కాదు, బిడ్డ. ఆ కోపం నాకు అర్థమయ్యేది. కానీ ఆ బిందె ఎటు దొర్లిందో విన్నవాళ్ళం ఇద్దరమే ఉన్నాం. ఒకరికి నోరు లేదు, ఇంకొకరు వాడలేదు.

2008లో, డెబ్భయ్యో ఏట, డాక్టరు షెడ్డుకు వచ్చి అన్నాడు: "ఇంజను తీసెయ్."

"ఏంటండి?"

"మొత్తం తీసెయ్. ఇప్పటి కార్లలో వస్తున్నాయి చూడు, చప్పుడు లేనివి. అలాంటిది పెట్టు."

"నిక్షేపంలాంటి ఇంజనండి ఇది. ఇంకో ఇరవయ్యేళ్ళు తిరుగుద్దండి. అంతగా అయితే కొత్త కారు కొనుక్కోండి."

"కారు ఉంటుంది. ఇది పోవాలి."

అతని తర్కం నాకు తెలిసినదే. గుద్దింది కారు ముందుభాగం. నొక్కింది అతని పాదం. కానీ అతను శరీరాన్ని క్షమించి, గుండెను శిక్షించాలని నిశ్చయించుకున్నాడు. కారు అమ్మితే కొన్నవాడికి ఆ చప్పుడు వినిపిస్తుందేమోనని కూడా అతని భయం. మనుషులు తమ నేరాన్ని ఒక వస్తువులో దాచుకుంటారు. ఆ తరువాత దాన్ని దగ్గర ఉంచుకోలేరు, దూరంగా పంపలేరు.

లింగాచారి విజయవాడ వెళ్ళి ఒక ఇంజను తెచ్చాడు. కొత్త రకం కారుది. చిన్నది, తెల్లటి లోహం, ఒంటినిండా వైర్లు. దాన్ని నడిపే బుద్ధి వేరే ఒక పెట్టెలో ఉంటుందట. ఆ కారు హైవే మీద దేన్నో గుద్ది నుజ్జయింది, లోపలివాళ్ళు ఎవరూ మిగల్లేదు, ఇంజను మాత్రం చెక్కుచెదరలేదు. లింగాచారి ఈ సంగతి డాక్టరుకు చెప్పలేదు, అతను అడగలేదు. నా స్థానంలోకి వచ్చింది కూడా ఒక ప్రమాదం లోంచే వచ్చింది. చప్పుడు చేయకపోవడం ఒకటే దానికి నాకంటే బాగా వచ్చు.

నన్ను గొలుసు కప్పీతో పైకి లేపారు. గాలిలో వేలాడుతూ మొదటిసారి ఆ కారును బయటినుంచి చూశాను. నలభై ఏళ్ళు నేను మోసిన ముఖం ఇదా అనుకున్నాను. గుండ్రటి దీపాలు, కాస్త ఆశ్చర్యపోయినట్టున్న ముఖం. దాని ఒంట్లో నేనున్న చోట ఒక పెద్ద ఖాళీ.

ఆ ఖాళీ కొత్త ఇంజనుకు సరిపోలేదు. రెండు నెలలు పట్టింది. ఇంజను ఆనే దిమ్మెలు కొత్తగా వెల్డింగు చేశాడు. వెనక చక్రాలకు పోయే ఇరుసును కోసి పొట్టి చేశాడు. ముందు గోడ కొంత కత్తిరించాడు. ఆ బుద్ధి పెట్టెను సీటు కింద పెట్టాడు. పాతకాలపు ఒంట్లోకి కొత్త గుండెను కూర్చోబెట్టాలంటే ఒంటినే చాలాచోట్ల కోయాలి. బయటికి మాత్రం ఏమీ కనిపించదు. పని పూర్తయ్యాక నడిపించి, దాని మీద ఒక గ్లాసు నిండా నీళ్ళు పెట్టాడు. నీళ్ళ మీద ఒక్క ముడత లేదు. లింగాచారి చాలాసేపు ఆ గ్లాసును చూస్తూ కూర్చున్నాడు. అతను అంత ఆనందంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

చివర్లో అతనికి ఒక ఆలోచన వచ్చింది. నా దగ్గరికి వచ్చి, సన్న ఉలితో నా రెండు రివెట్లూ తెంచి, నెంబరు రేకును ఊడదీశాడు. చింతపండు, ముగ్గు పెట్టి తోమాడు. తండ్రి బిందెలు తోమినట్టే. ఇత్తడి బంగారంలా అయింది. దాన్ని తీసుకెళ్ళి కొత్త ఇంజను మీద, బానెట్ ఎత్తగానే కనిపించే చోట బిగించాడు. బండి పుస్తకంలో ఉన్న నెంబరు అదే. పుస్తకంలో మార్చే పని లేకపోతే పెద్దాయనకు బ్రేకు ఇన్‌స్పెక్టరు చుట్టూ తిరుగుడు తప్పుతుంది. అది తప్పుడు పనని అతనికి తెలియకపోలేదు. ఈ షెడ్లలో అందరూ చేసేదే. కానీ అసలు కారణం అది కాదు. పెద్దాయన నలభై ఏళ్ళు నడిపిన బండికి పేరు పోకూడదు అనుకున్నాడు. ప్రేమతో చేశాడు. డాక్టరు ఏది తీసేయమని వచ్చాడో, దాన్ని తోమి మెరిపించి తిరిగి పెట్టాడు.

బండి తీసుకెళ్ళడానికి డాక్టరు ఒక మధ్యాహ్నం వచ్చాడు. లింగాచారి కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఇంజను నడిపించి ఉంచాడు.

"నడుస్తోందండి. తెలుస్తోందా మీకు? తెలీదండి. అదీ పని."

"నడుస్తోందా?"

"ఆయ్. చూపిస్తాను రండి."

బానెట్ ఎత్తాడు. డాక్టరు ఒంగి చూశాడు. ఎండ నేరుగా ఆ ఇత్తడి రేకు మీద పడుతోంది. వంకర ఏడు మెరుస్తోంది.

"ఇది... ఇక్కడెందుకుంది?"

"మీకు తెలీకుండా పెట్టానండి," అన్నాడు లింగాచారి సంబరంగా. "పుస్తకంలో నెంబరు మార్చక్కర్లేదు. పైగా ఇంటిపేరు ఉండాలి కదండి. మా నాన్న బిందెలు తోమినట్టు తోమానండి, చూడండి."

డాక్టరు రెండు చేతులూ కారు అంచున ఆనించాడు.  నేను మూలనుంచి చూస్తున్నాను. నేను నడిచినంత కాలం నా గోల ఆ చప్పుణ్ణి కొంత కప్పిపెట్టేది. ఇప్పుడు కప్పడానికి ఏమీ లేదు. ఆ నిశ్శబ్దంలో అతనికి అదొక్కటే వినిపిస్తూ ఉండాలి.

"చప్పుడు ఉంది," అన్నాడు.

లింగాచారి నవ్వాడు. "ఆ పాతది అక్కడ మూల పడుందండి. ఇంకెక్కడి చప్పుడండి?"

"ఇత్తడిది. బిందె దొర్లుతున్నట్టు."

"ఏ బిందండి?"

"మూడోది," అన్నాడు డాక్టరు. తల ఎత్తలేదు. "అది కాలవలోకి దొర్లింది. ఎడమవైపు గట్టు దిగి. ఆగి ఆగి మోగింది. తరవాత నీళ్ళలో పడింది. నేను విన్నాను. అద్దం దించి ఉంది. నేను ఆగలేదు లింగాచారీ. లారీ లేదు. నేనే."

రోడ్డు మీద ఒక బస్సు పోయింది. చక్రాల కింద నిమ్మకాయలు అలాగే ఉన్నాయి. లింగాచారి చేతిలో గుడ్డ ఉంది. దాంతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకోవడం మొదలుపెట్టాడు. పదివేళ్ళూ అయ్యాక మళ్ళీ మొదటి వేలి దగ్గరికి వచ్చాడు.

"అయితే సూరన్న తియ్యలేదా?" అన్నాడు.

డాక్టరుకు అర్థం కాలేదు. "ఏ సూరన్న?"

"బండి తోలుకొచ్చినోడండి. మా నాన్నను తెచ్చినోడు."

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఆ పేరు అతను ముప్పై రెండేళ్ళుగా ఒక్కసారీ తలచుకోలేదని నాకు అనిపించింది. తన నేరాన్ని అతను ఎంత జాగ్రత్తగా దాచుకున్నాడంటే, అది ఇంకొకరి ఇంట్లో కూడా కాపురం ఉంటోందని చూసుకోలేదు.

"ఏమైనా అనవయ్యా," అన్నాడు. "కొట్టు. పోలీసుల దగ్గరికి పద, నేను వస్తాను."

లింగాచారి బానెట్‌ను రెండు చేతులతో మెల్లగా దించి మూశాడు. మంచి మేస్త్రీ బానెట్‌ను ఎప్పుడూ విసిరి మూయడు. డ్రైవరు వైపు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"ఎక్కండి."

"లింగాచారీ..."

"కొత్తగా కూర్చోబెట్టాను. కొన్నాళ్ళు గట్టిగా తొక్కకండి."

బండి అప్పగిస్తూ అతను "డాట్రుగారండీ" అనకపోవడం ముప్పయ్యేళ్ళలో ఇదే మొదటిసారి. డాక్టరు ఎక్కాడు. కారు కదిలింది. నిమ్మకాయలు నలిగాయి. అది వెళ్ళిన చప్పుడు కూడా రాలేదు.

మర్నాడు షెడ్డు తెరవలేదు. ఆ మర్నాడు సాయంత్రం లింగాచారి వచ్చి నా మీద కూర్చున్నాడు. ఎవరితోనూ కాదు, గాలితో అన్నాడు: "సూరన్న పెళ్ళాం మంచినీళ్ళిచ్చింది. తియ్యలేదని మా ఆయన ఎప్పుడో చెప్పాడు గదయ్యా, అంది. తాగలేకపోయాను."

డాక్టరు ఆ తరువాత ఏం చేశాడో నాకు తెలియదు. పోలీసుల దగ్గరికి వెళ్ళాడని ఒకరు, మంచం పట్టాడని ఒకరు షెడ్డు ముందు చెప్పుకున్నారు. లింగాచారి ఏ మాటకూ తల ఎత్తలేదు. ఒకసారి ఆ కారు ఈ దారిన పోయినట్టు అనిపించింది. చప్పుడు లేదు గనుక నిజంగా పోయిందో లేదో చెప్పలేను.

పాత ఇనుము కొనేవాళ్ళు నా కోసం మూడుసార్లు వచ్చారు. లింగాచారి అమ్మలేదు. అతను ఇప్పుడు స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకోవడం మానేశాడు. వచ్చిన బండ్లను చూసి, "ఇంకెవరికైనా చూపించుకోండి, నాకు సరిగ్గా వినపడదు" అంటాడు. వినపడుతుందని నాకు తెలుసు.

నిన్న షెడ్డు ఖాళీగా ఉంది. అతను లేచి నా దగ్గరికి వచ్చాడు. నా మీది దుమ్ము చేత్తో తుడిచాడు. నెంబరు రేకు ఉండిన చోట రెండు బెజ్జాల మీద వేలు పెట్టి కాసేపు ఉంచాడు. తరువాత కళ్ళు మూసుకుని, వేలి కణుపుతో నన్ను కొట్టాడు. తండ్రి బిందెను కొట్టినట్టు. మెల్లగా, ఒక్కసారి.

నాలో పగులు ఉండాలని నేను ఎంతగానో కోరుకున్నాను. ఏదో ఒక గోడలో, ఒక వెంట్రుకంత. మోత మధ్యలో తెగిపోవాలి. అప్పుడతనికి ఒక కారణం దొరికేది. ఆ తెల్లవారుజామున గట్టు మీద కారు ఆగకపోవడానికి నాలోనే ఏదో లోపం ఉండి ఉంటుందని అనుకోగలిగేవాడు. ముప్పయ్యేళ్ళు తాను వినలేకపోయానని తన చెవినే తప్పుపట్టుకుని కాస్త ఊరట పొందేవాడు.

అతను నాలుగు వైపులా కొట్టాడు. నాలుగు వైపులా నేను గుడిగంటలా మోగాను. మోత రేకుల దాకా సాగి, ఎక్కడా తెగకుండా, మెల్లగా సన్నగిల్లి ఆగింది.

"పగులు లేదు," అన్నాడు.